నాలుగు చుక్కల నూనె

చీరాల నుంచి వచ్చి పుప్పాలగూడలో కర్రీ పాయింటు తెరిచిన నాటికి సుగుణ చేతిలో ఉన్నవి తక్కువే. ఒక గ్రైండరు, అత్తగారి నాటి ఇత్తడి గరిటె, బియ్యం బస్తా ఒంటిచేత్తో ఎత్తగల మొగుడు, అబద్ధం చెప్పడం చేతగాని కొడుకు. అదే ఆమె పెట్టుబడి. గ్రైండరు పాడైతే కొత్తది కొంది. గరిటె అంచు అరిగిపోయింది. మొగుడు ఇస్సాకు నడుము నరం దెబ్బతిని మంచానికి అంటుకుపోయాడు. చెక్కు చెదరకుండా మిగిలింది కొడుకొక్కడే అనుకుంటూ వచ్చింది ఇన్నేళ్ళూ... ఆ శుక్రవారం మధ్యాహ్నం దాకా!

ఆ పొద్దున కొత్త చొక్కా వేసుకుని, హైటెక్ సిటీలో కొత్త కంపెనీలో చేరడానికి వెళ్ళాడు కిరణ్ పాల్. పాత ఆఫీసులో మనుషుల్ని తీసేస్తుంటే, తనవంతు రాకముందే వేరేచోట చూసుకున్నాడు. పాతదానికి రాజీనామా ఇచ్చేశాడు కూడా. అలాంటివాడు మధ్యాహ్నం భోజనాల వేళకే తిరిగొచ్చి, బూట్లు కూడా విప్పకుండా ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడ్డాడు.

"నన్ను చేర్చుకోరటమ్మా..."

"అదేంట్రా! పిలిచింది వాళ్ళేగా!"

"మొన్న మెడికల్ టెస్టు చేశారుగా. అందులో... టీహెచ్‌సీ పాజిటివ్ వచ్చిందట."

సుగుణకు అర్థం కాలేదు. షుగరు తెలుసు, బీపీ తెలుసు. ఇదేం రోగం? డ్యూటీకి బయలుదేరుతున్న కోడలు కెజియా వైపు చూసింది. కెజియా గచ్చిబౌలిలో ఒక ఆసుపత్రిలో నర్సు. జడ పిన్ను పెట్టుకుంటున్న ఆ పిల్ల చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"రోగం కాదత్తయ్యా. గంజాయిలో మత్తెక్కించే పదార్థం అది..."

సుగుణ గబగబా వెళ్ళి వీధి తలుపు మూసింది. గంజాయి! తన ఇంట్లో! ఆదివారం ఆరాధనలో మంచాన పడేదాకా ముందు వరుసలో కూర్చున్న ఇస్సాకు కొడుకు ఒంట్లో! అయితే అంత దుఃఖంలోనూ వ్యాపారం నేర్పిన కన్ను దాని పని అది చేసింది. కెజియా ముందు మొగుడి మొహం చూసింది. ఆ వెంటనే, ఎవరూ పిలవకుండానే, మామగారి గది తలుపు వైపు చూసింది. ఎందుకు చూసింది? ఆ చూపును సుగుణ మనసులో ఒక మూలన పెట్టుకుంది.

"నేను సిగరెట్టు కూడా ముట్టనమ్మా! నీకు తెలుసుగా... నీ మీద ఒట్టు!"

"ఒట్లు పెట్టకూడదని సండేస్కూల్లో నేర్చుకోలేదూ! నా మీద ఒట్టేయడం ఎందుకురా, నీ ఒంట్లోంచి తీసిందే సాక్ష్యం చెప్పాక!"

"మిషనుకి నేనెవరో తెలియదమ్మా... నీకు తెలుసుగా!"

ఆ మాట సూటిగా గుండెలో దిగింది. అయినా సుగుణ దాన్ని నమ్మలేదు. ఎలా నమ్ముతుంది? గుర్తులన్నీ ఆమె కళ్ళారా చూసినవే! కొన్ని వారాలుగా వీడి కళ్ళు ఎర్రగా ఉంటున్నాయి. ఇంట్లో ప్రార్థన జరుగుతుంటే ఉన్నట్టుండి కిసుక్కున నవ్వుతున్నాడు. టిఫిను తిని గంట కాకముందే కొట్టుకొచ్చి, గుత్తొంకాయ కూర గిన్నెలోంచే తినేస్తున్నాడు. బండి తాళం బండికే వదిలేసి వస్తున్నాడు. ఒకరోజు నానక్‌రామ్‌గూడ మలుపులో బండి జారి మోచెయ్యి చెక్కుకుపోయింది. "గుండె దడదడలాడుతోందమ్మా, నాకేదో అవుతోంది" అంటూ నీళ్ళు తాగాడు. అప్పుడు భయమనుకుంది. ఇప్పుడు లెక్క సరిపోయింది!

నిజానికి ఆమె చేతులు ముడుచుకుని కూర్చున్నదేమీ లేదు. ఆఫీసులో ఉద్యోగాలు పోతున్నాయని విన్ననాడే తన మందు తాను మొదలుపెట్టింది. వాళ్ళ చర్చి సంఘంలో ఉపవాస ప్రార్థనలప్పుడు పాస్టరు ప్రేమ్ కుమార్‌గారు ప్రార్థన చేసిన నూనెను నీలం మూత సీసాల్లో పోసి ఇంటింటికీ ఇస్తారు. కొందరు నుదుటికి రాసుకుంటారు, కొందరు నాలుగు చుక్కలు అన్నంలో వేసుకుంటారు. కొడుక్కి చెబితే "నూనె రాస్తే ఉద్యోగం ఆగుతుందా అమ్మా" అని నవ్వుతాడు. అందుకని చెప్పలేదు. పొద్దున్నే కొట్టుకు వెళ్ళేముందు వాడి ఇడ్లీ పళ్ళెంలో కారప్పొడిలో గుంట చేసి, నూనెతో పాటు నాలుగు చుక్కలు కలిపేది. వంటింట్లో సీసా అయిపోయాక, ఇస్సాకు మంచం పక్కన పెద్దక్షరాల బైబిలు వెనకాల అలాంటి నీలం మూత సీసాయే ఇంకొకటి కనిపించింది. నొప్పికి రాసుకోవడానికి దాచుకున్నాడు కాబోలు అనుకుని, ఆయన స్నానాలగదిలో ఉండగా రోజూ అందులోంచి తీసేది. కొడుకు కళ్ళు ఎర్రబడుతున్నాయని చూశాక చుక్కలు పెంచింది. ప్రభువా, ఏ పాడు స్నేహమో వీణ్ణి పట్టుకుంది, నువ్వే విడిపించు అని కన్నీళ్ళతో మరీ పెంచింది...

శనివారం కొట్లో కూరగాయలు తరుగుతూ రుక్కమ్మ ఆమె మొహం చూసింది. రుక్కమ్మది ఆ ఊరే. ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచినచోట వరి నాట్లు వేసిన మనిషి.

"ఏందమ్మా, గిట్ల పరేషాన్ మీదున్నవ్? సాంబారుల ఉప్పు రెండుసార్లు ఏసినవ్."

సుగుణ ఆగలేక గొంతు తగ్గించి సగం చెప్పింది. రుక్కమ్మ కత్తి పక్కన పెట్టేసింది.

"అయ్యో! కిరణ్ సారా! నేను మొన్ననే అనుకున్న. కండ్లు మిరపకాయల లెక్క ఉన్నయ్. ఊకనే నవ్వుతుండు. నన్ను చూసి కూడ నవ్విండు, నాల ఏమున్నది నవ్వెతందుకు?"

"ఎక్కడ దొరుకుతుందే వీడికి?"

"బయట ఎక్కడ తిరుగుతలేడు గదా. ఆఫీసు, ఇల్లు. ఇగ ఇంట్లకే వస్తుందేమో, జర ఇంట్ల చూడమ్మా!"

అప్పుడే కౌంటరు దగ్గర ఒక కుర్రాడు "ఆంటీ, కొంచెం కొసరు వెయ్యండి" అన్నాడు. "అడిగినోళ్ళకు లేదు బాబూ" అని రుక్కమ్మే జవాబిచ్చింది. అది సుగుణ పద్ధతి. నోరు తెరిచి అడిగినవాడికి కొలత ప్రకారమే. ఏమీ అడగకుండా నిలబడినవాడికి గరిటెడు ఎక్కువ. ఆ పద్ధతితోనే ఆమె మనుషుల్ని నిలబెట్టుకుంది. కానీ ఆ రోజు కొసరు ఎవరికీ పడలేదు. ఆమె చెవిలో "ఇంట్లకే వస్తుందేమో" అన్న మాట ఒక్కటే తిరుగుతోంది.

ఇంట్లోకి తెచ్చేవాళ్ళు ఎవరున్నారు? ఇస్సాకు గుమ్మం దాటడు. నాలుగేళ్ళ మనవరాలు జాస్మిన్ పసిది. మిగిలింది ఆసుపత్రి నుంచి చేతిసంచితో వచ్చే కోడలు! నిన్న టెస్టు మాట వినగానే మామగారి గది వైపు చూసిన చూపు... మూలన పెట్టుకున్నది బయటికి తీసింది సుగుణ.

సాయంత్రం కొట్టు రుక్కమ్మకు అప్పగించి, చప్పుడు కాకుండా ఇంట్లోకి వచ్చింది. ఇస్సాకు గదిలో గుసగుసలు!

"ఇంత తొందరగా ఎలా తగ్గిపోయింది మామయ్యా? మీరేమైనా ఎక్కువ వేసుకుంటున్నారా?"

"లేదమ్మా, నువ్వు చెప్పినన్నే..."

"అయితే... ఆయనేనా?" అంది కెజియా. "మీ దగ్గర్నుంచి దొంగతనంగా తీస్తున్నారా? దేవా, నేను తెచ్చింది నా సంసారాన్నే ముంచిందా!"

"ఏడవకు తల్లీ. మీ అత్తయ్యకు మాత్రం తెలియనివ్వొద్దు..."

సుగుణ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. కెజియా చేతిలో కాగితంలో చుట్టి ఉన్న చిన్న వస్తువేదో చటుక్కున సంచిలోకి పోయింది.

"ఏంటది?"

"ఏం లేదత్తయ్యా... మామయ్యకు మందు."

"మందైతే దాచడమెందుకు? చూపించు!"

కెజియా మామగారి వంక చూసింది. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ పిల్ల సంచిని గట్టిగా ఒంటికి హత్తుకుంది. అంతే! సుగుణ నోటికి ఆనకట్ట తెగిపోయింది.

"అర్థమైందమ్మా, అంతా అర్థమైంది! నా కొడుక్కి మత్తు మప్పింది బయటివాళ్ళని ఊరంతా వెతుకుతున్నాను. నర్సు ఉద్యోగం అంటే రోగాలు నయం చేసేదనుకున్నాను, ఇంట్లోకి రోగం మోసుకొచ్చేదనుకోలేదు! మా ఆయన్ని కూడా నోరు మూయించావా? నేను వంకాయ పట్టుకుంటే లోపల పుచ్చు చెబుతాను. పక్కనే ఉన్న నిన్ను చూడలేకపోయాను!"

"అత్తయ్యా... ఆ మాటకు రేపు మీరే ఏడుస్తారు."

"బెదిరిస్తున్నావా?"

"లేదు. బాధపడుతున్నాను." కెజియా కళ్ళు తుడుచుకుంది. "నేనొకరికి మాటిచ్చాను. ఆ మాట నన్ను మీ కళ్ళముందు దొంగను చేస్తోంది, అయినా తప్పలేను. రేపు బాచుపల్లి వెళ్ళిపోతాను, మా అమ్మ దగ్గరికి. పాపను తీసుకుని."

పక్క గదిలో ఆ గుసగుసలతో సహా అంతా విన్న కిరణ్ గుమ్మంలోకి వచ్చాడు. తల్లిని ఏమీ అనలేదు. భార్యను ఒకే ఒక్కమాట అడిగాడు. "నువ్వు కూడా నమ్మావా, నేను దొంగతనంగా తీశానని?" కెజియా పాప బట్టలు సర్దడానికి లోపలికి వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో ఆ పూట ఎవరికి వారు పళ్ళెం తీసుకుని నాలుగు మూలల్లో తిన్నారు. ఒకరు వడ్డిస్తే ఇంకొకరు తినే ధైర్యం ఎవరికీ లేదు!

ఆదివారం ఆరాధన కాగానే సుగుణ పాస్టరుగారిని ఇంటికి పిలుచుకొచ్చింది. కొడుక్కి ఆ మత్తు నుంచి విడుదల కోసం, కోడలు వెళ్ళేలోపు ఇంటిల్లిపాది మీద ఒక్క ప్రార్థన చేయించాలని. హాల్లో చాప పరిచింది. ఇస్సాకును కూడా దిండ్లు ఆనించి కుర్చీలో కూర్చోబెట్టారు. కెజియా సంచి తలుపు పక్కనే సర్ది ఉంది. కిరణ్ ఎవరి మొహమూ చూడకుండా కూర్చున్నాడు. ప్రేమ్ కుమార్‌గారు మెల్లగా, మనసు కరిగేలా ప్రార్థన చేశారు. "ఆమెన్" అనగానే సుగుణ లేచింది.

"అయ్యగారూ, నూనె కూడా వేసేస్తాను. అందరికీ."

ఇస్సాకు గదిలోకి వెళ్ళి, బైబిలు వెనక నుంచి నీలం మూత సీసా తెచ్చింది. మొదట మనవరాలికే. పసిదాన్ని ముందు కాపాడుకోవాలి! "నోరు తెరువు తల్లీ, ప్రార్థన నూనె..." జాస్మిన్ పిట్టపిల్లలా నోరు తెరిచింది. చుక్క సీసా అంచున నిలిచింది...

"పాపకొద్దు!"

ఇల్లు అదిరిపోయేలా అరిచాడు ఇస్సాకు. ఊతం లేకుండా లేవలేని మనిషి కుర్చీలోంచి ముందుకు పడి, ఆమె చెయ్యి గట్టిగా తోసేశాడు. చుక్క చాప మీద పడింది. సీసాలో మిగిలింది సుగుణ చీర కుచ్చిళ్ళ మీద ఒలికింది.

"ఏమండీ! ప్రార్థన నూనె అండీ!"

"కాదే... కాదు సుగుణా! అది నా మందు! గంజాయి మందు!"

ఇస్సాకు చాప మీదే కూలబడి ఏడ్చాడు. "రాత్రీ పగలూ నడుములో కత్తులు తిప్పుతున్నట్టుంటే, కోడలు చూడలేక ఆయుర్వేద డాక్టరు దగ్గర చీటీ రాయించి తెచ్చింది. గంజాయినే వాళ్ళు విజయ అంటారట. దొంగ సరుకేం కాదు, చీటీ మీద షాపులో ఇచ్చేదే. కానీ సీసా మీద ఆకు బొమ్మ ఉంది. గంజాయి తాగేవాడికి సంఘంలో చోటు లేదని ఆ సంఘం వేదిక మీదే నిలబడి మాట్లాడినవాణ్ణి నేను! ఏ మొహంతో దాన్ని బయట పెట్టుకోను? అందుకే ప్రార్థన సీసాలో పోసి, బైబిలు వెనక దాచాను. ఎవరికీ చెప్పనని ఈ పిల్ల చేత మాట తీసుకున్నాను. నా పరువు కోసం ఈ పిల్ల నింద మోసిందే... నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను!"

కెజియా మాత్రం మామగారి వైపు చూడటం లేదు. అత్తగారి చేతిలోని సీసానే చూస్తోంది.

"అత్తయ్యా... ఇది మీరు ఇంతకుముందు ఎవరికైనా వేశారా?"

సుగుణ కళ్ళు కొడుకు మీదికి వెళ్ళాయి.

"ఎప్పటినుంచి? దేంట్లో?"

"కారప్పొడిలో... రోజూ... నాలుగు చుక్కలు. తర్వాత ఇంకొన్ని..."

"అయ్యో అత్తయ్యా!" కెజియా ఆ సీసా లాక్కుంది. "నాలుగు చుక్కలు మామయ్య నొప్పికి కొలత. నొప్పి లేనివాడికి తెలియకుండా పెడితే కళ్ళు ఎర్రబడతాయి, నవ్వొస్తుంది, ఆకలేస్తుంది, గుండె అదురుతుంది. రోజూ తింటే ఒంటి కొవ్వులో చేరిపోతుంది, మానేసినా వారాల తరబడి టెస్టులో కనిపిస్తుంది. నేనేమో మీ అబ్బాయే తీస్తున్నారని..." మిగతా మాట ఏడుపులో కలిసిపోయింది.

సుగుణ చీర కుచ్చిళ్ళను ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. పచ్చిగడ్డి నలిపినట్టు వాసన! వేరుశెనగ నూనెలో చెంచాడు పామాయిల్ కలిపినా డబ్బా మూత తీయగానే చెప్పే ముక్కు తనది. దుకాణాలవాళ్ళు తన ముందు డబ్బా తెరవడానికి జంకుతారు. కానీ ప్రార్థన చేసిన నూనెను వాసన చూసేదెవరు? కొట్టుకు బండ్లగూడ నుంచి వచ్చే ప్రతి ఆకుకూర కాడనూ విరిచి చూసింది. కొడుకు చొక్కాల వాసన చూసింది, కోడలి సంచి వెతకాలనుకుంది. చూడంది ఒక్కటే... తన చేతిలోది! అనుమానం పెరిగినకొద్దీ చుక్కలు పెంచింది, చుక్కలు పెరిగినకొద్దీ అనుమానం పెంచుకుంది! బండి జారిన రోజున లారీ ఏదైనా వెనకాల వచ్చి ఉంటే... ఆ ఆలోచనకే ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది.

పాస్టరుగారు ఇస్సాకును లేవదీసి కుర్చీలో కూర్చోబెట్టారు. "పెద్దాయనా, నొప్పికి మందు వేసుకోవడంలో తప్పు లేదు. దాన్ని నా సీసాలో దాచడమే తప్పు. మందు సీసాలోనే మందు ఉంచండి" అని, చెప్పులు వేసుకుని, బయటికి ఈ సంగతి పోదని మాటిచ్చి వెళ్ళిపోయారు.

కిరణ్ ఒకసారి నవ్వాడు. అది నూనె నవ్వు కాదు. "నా కళ్ళెందుకు ఎర్రగా ఉన్నాయని మీలో ఒక్కరు... ఒక్కరు నన్ను కూర్చోబెట్టి అడిగారా? తాగావని అన్నారు గానీ, ఏమైందిరా అని అడిగారా?" తలుపు దగ్గరున్న కెజియా సంచి తీసి లోపల పెట్టి, బండి తాళం తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

సంచి లోపల పెట్టాడు! అంత బాధలోనూ భార్యను వెళ్ళనివ్వలేదు. సుగుణ లేచి కోడలి కాళ్ళ మీద పడబోయింది. కెజియా మధ్యలోనే పట్టుకుంది. "వద్దత్తయ్యా. నేనూ తప్పు చేశాను. మీ కొడుకును నేనూ నమ్మలేదుగా!" ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తలపెట్టి ఏడ్చారు. సుగుణ ఆ పిల్ల బుగ్గలు తడుముతూ, "మాట నిలబెట్టుకోవడానికి నా నోటి నుంచి అంతలేసి మాటలు పడ్డావా తల్లీ..." అంటూ కుమిలిపోయింది.

సోమవారం కిరణ్, కెజియా డాక్టరు చీటీ, జరిగినదంతా రాసిన వివరం తీసుకుని కొత్త కంపెనీకి వెళ్ళారు. వాళ్ళు మర్యాదగానే విన్నారు. మర్యాదగానే కుదరదన్నారు. పాత ఆఫీసులో కిరణ్ కుర్చీయే ఎత్తేశారు. ఇంకో ఉద్యోగానికి పెట్టుకోవాలంటే ఒంట్లోది పూర్తిగా పోయేదాకా ఆగాలి. ఆగినన్నాళ్ళూ కిరణ్ కర్రీ పాయింట్లో నిలబడి సాంబారు పాకెట్లకు రబ్బరు బ్యాండ్లు వేశాడు. పాత ఆఫీసు స్నేహితులు లైన్లో కనిపిస్తే తల దించుకోలేదు.

"సారూ, నీ చేతిల పాకెట్లు కారుతున్నయ్. కంప్యూటరే నయమున్నది" అని రుక్కమ్మ ఆటపట్టిస్తే, నవ్వేవాడు. కానీ ఇంట్లో తల్లి పెట్టిన ఇడ్లీ తినేవాడు కాదు. "ఆకలి లేదమ్మా" అని మర్యాదగా అనేవాడు. బయట బండి మీద తిని వచ్చేవాడు. ఊరికంతా కూరలు వండి పంపే చెయ్యి, కన్నకొడుకు పళ్ళాన్ని ముట్టుకోవడానికి భయపడింది! సుగుణ క్షమించమని అడగాలని ఎన్నోసార్లు గుమ్మం దాకా వెళ్ళింది. ఏమని అడుగుతుంది? ఏ మొహంతో అడుగుతుంది? ఇస్సాకు మందు ఇప్పుడు ఆకు బొమ్మ కనబడేలా టీవీ పక్కనే ఉంటోంది. కొలత ప్రకారం కోడలే వేస్తోంది. అన్నీ సర్దుకున్నాయి, ఆ పళ్ళెం ఒక్కటి తప్ప.

ఒక పొద్దున ఆమె కొట్టుకు బయలుదేరుతుంటే వంటింట్లో పీట చప్పుడైంది. కిరణ్ వచ్చి కూర్చున్నాడు. తానే పళ్ళెం తీసుకుని, ఇడ్లీలు పెట్టుకుని, కారప్పొడి వేసుకుని, వేలితో గుంట చేశాడు.

"ఏంటమ్మా, పొడి ఎండిపోయి ఉంది. నూనె లేదా?"

సుగుణ కొత్త నూనె సీసా తీసింది. మూత తీసి తాను వాసన చూసింది. చాల్లేదు. హాల్లో ఉన్న కోడలిని పిలిచి, "ఒకసారి నువ్వు కూడా చూడమ్మా" అంది.

"కెజియా ఎందుకు?" అన్నాడు కిరణ్, తలెత్తకుండానే. "నువ్వే వెయ్యమ్మా."

ఆమె కళ్ళలో నీళ్ళు తెర కట్టాయి. ఒకటి... రెండు... నాలుగు దాటి ఇంకో చుక్క పడింది.

"ఒకటి ఎక్కువైందే!"

"కొసర్రా..." అంది సుగుణ.

కిరణ్ నవ్వుతూ ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. సుగుణ గోడకు ఆనుకుని, వాడు తింటుంటే చూస్తూ లెక్క చూసుకుంది. పెద్ద ఉద్యోగం ఒకటి చెయ్యి జారిపోయింది. మొగుడి ముసుగు తొలగింది. కోడలి విలువ తెలిసింది. మొదటినాడు చేతిలో ఉన్నవాటిలో అబద్ధం చెప్పని కొడుకు అలాగే ఉన్నాడు. దాని పైన కొసరుగా వాడి మన్నింపు కూడా దొరికింది ఆమెకు. నోరు తెరిచి అడగలేదు. అడగకుండా నిలబడింది, అంతే.